రెండో పిడికెడు

అక్టోబర్ 3, సోమవారం

సర్ ఒప్పుకున్నారు! ఢిల్లీ సదస్సుకు మా కాలేజీ నుంచి ఒక్క వ్యాసమే పంపుతారట. అది నాది కావచ్చట. "కావచ్చు" అన్నారు, "నీదే" అనలేదు. అయినా ఇంటికి వచ్చేదాకా నా కాళ్ళు నేలకు ఆనలేదు. మా ఊరు చంఫాయి దాటితే ఐజోల్ తప్ప నేను ఇంకేమీ చూడలేదు.

విషయం: దీర్ఘకాలపు గెరిల్లా పోరు నేటి యుద్ధాల గురించి ఏం నేర్పుతుంది? ముట్టడి, దళం, సరఫరా, స్థావరం. ఎంత బరువైన మాటలు! ఒక్కొక్కదాన్నీ నోట్లో వేసుకుని మెల్లగా చప్పరించాలనిపిస్తోంది.

మా మిజో కొండల్లో వాలంటీర్లనే తిరుగుబాటు కుర్రాళ్ళకూ ప్రభుత్వ సైన్యానికీ మధ్య అలాంటి పోరు ఇరవై ఏళ్ళు సాగింది. నేను పుట్టేనాటికే శాంతి వచ్చి చాలా కాలమైంది. కానీ ఆ ఇరవై ఏళ్ళనూ నెత్తిన మోసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. రేపు అమ్మమ్మను పట్టుకోవాలి.

అక్టోబర్ 4, మంగళవారం

అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వక్క నములుతోంది. కాగితం, కలం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మమ్మా, వాలంటీర్లు అడవిలో ఇరవై ఏళ్ళు ఎలా నిలబడ్డారు?"

"నిలబడలేదే. కూర్చున్నారు."

"వేళాకోళం కాదు."

"నేనూ వేళాకోళం ఆడటంలేదు. నిలబడ్డవాడు కనబడతాడు. కూర్చున్నవాడు కనబడడు. రాసుకో, రాసుకో."

రాసుకున్నాను. ఆ తరువాత తనే చెప్పుకుపోయింది. సైన్యం వాళ్ళ ఊరు కాల్చేసి, అందర్నీ రోడ్డు పక్కకు దింపి, నాలుగైదు ఊళ్ళను ఒకే కంచెలోకి తోలింది. దాన్ని అందరూ గ్రూపింగ్ అనేవారు. గేటు, మెడలో నంబరు బిళ్ళ, పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలన్న నియమం. ధాన్యమంతా గోదాములో. ఇంట్లో ఎన్ని నోళ్ళుంటే అన్ని నోళ్ళకు కొలిచి ఇచ్చేవారు. అడవిలో ఉన్నవాళ్ళకు ఒక్క గింజ కూడా పోకూడదని.

"మరి పోయేదా?"

అమ్మమ్మ నవ్వింది. ఎర్రటి పళ్ళు.

వండేముందు కుండలో పోసిన బియ్యంలోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి చర్చి డబ్బాలో వెయ్యడం మాలో ప్రతి ఇల్లాలూ చేసేదే. నేనూ చేస్తాను. చెయ్యకపోతే అన్నం ఉడకదనిపిస్తుంది.

"అప్పుడు రెండు తీసేవాళ్ళం. ఒకటి దేవుడికి, ఒకటి అడవికి. కొలిచి ఇచ్చిన సిపాయికి లెక్క సరిపోయేది. కుండలో మాత్రం ఒక పిడికెడు తక్కువ ఉడికేది. ఊటనీళ్ళు గేటు బయట కదా! వెదురు గొట్టాలు బుట్టలో పెట్టుకుని పోయేవాళ్ళం. వచ్చేటప్పుడు నీళ్ళు. పోయేటప్పుడు…"

"బియ్యమా?"

"ఖాళీ గొట్టాల్ని ఎవడు చూస్తాడే పిచ్చిదానా!"

"ఇష్టంగానే ఇచ్చేవాళ్ళా?"

అమ్మమ్మ వక్క ఉమ్మి వచ్చి కూర్చుంది. "ఇష్టంగా ఇచ్చామని రాసుకో. భయపడి ఇచ్చామని కూడా రాసుకో. మీ పెద్దమామ అప్పుడు చంటివాడు. గిన్నె నాకేసి ఇంకా కావాలని ఏడ్చేవాడు. వాడి ఏడుపు కూడా ఆ పిడికెట్లోనే ఉండేది." నా కాగితంలోకి తొంగి చూసి, "పుస్తకంలో నా పేరు వేస్తారా?" అంది.

"వేస్తారు."

"కాప్‌థియాంగీ అని పూర్తిగా వెయ్యమను. సగం వేస్తే పక్కింటిదే అనుకుంటారు."

అక్టోబర్ 6, గురువారం

బలవంతుడికి గెలుపు కావాలి. బలహీనుడికి రేపు ఉంటే చాలు.

ఈ వాక్యం నాదే. ఎక్కడా చూసి రాసింది కాదు.

అక్టోబర్ 7, శుక్రవారం

ఇంకొకటి: రాజ్యం ఊళ్ళను లెక్కపెట్టింది, మనుషులను లెక్కపెట్టింది, బియ్యాన్ని లెక్కపెట్టింది. పిడికిలిని లెక్కపెట్టడం మరిచింది.

మ్యాపుల్లో గీతలు గీసే యుద్ధాల గురించి లైబ్రరీలో చాలా పుస్తకాలున్నాయి. వంటింటి మీదుగా పోయే గీత ఏ మ్యాపులోనూ లేదు. అది నేను గీస్తాను.

అక్టోబర్ 8, శనివారం

బియాక్‌సాంగా సర్ చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అంటే బాగుందని.

"బాగుంది రిన్‌సాంగీ. కానీ పాతది. నేటి యుద్ధం ఏదీ? పైన డ్రోన్లు తిరుగుతున్నాయి, చేతిలో ఫోన్లున్నాయి. ఈ రోజుల్లో మీ అమ్మమ్మ పిడికెడు ఏమవుతుంది?"

"తెలియదు సర్."

"నది అవతలి దేశంలో ఏం జరుగుతోందో తెలియదా? మీ ఇంట్లోనే ఉంది కదా వాళ్ళ మనిషి."

నాకు ఇన్నాళ్ళూ తట్టనేలేదు!

అక్టోబర్ 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక వంటింట్లో పార్ తియాల్ అక్క పక్కనే కూర్చున్నాను. పోయిన ఏడాది సరిహద్దులోని తియావు నది దాటి బిడ్డను వీపున కట్టుకుని వచ్చింది. అవతలి కొండల వాళ్ళూ మేమూ ఒకే తల్లి బిడ్డలం, మాట కూడా ఇంచుమించు ఒకటే. అప్పటినుంచి మా వెనకగదిలోనే ఉంటోంది. వాళ్ళమ్మ మాత్రం ఊరు కదలనందట. "పందిని ఎవరికి అప్పజెప్పను?" అందట.

అక్క బియ్యం కడగబోతూ చెయ్యి పెట్టింది. ఒక పిడికెడు చర్చి డబ్బాలో. ఇంకొక పిడికెడు మూలనున్న పాల డబ్బాలో.

"అక్కా, రెండు తీశావు!"

తన చేతిని తనే చూసుకుంది. "అలవాటు చెల్లీ. ఇక్కడ ఎవరికి చేరుతుంది అది? డబ్బా నిండితే మళ్ళీ కుండలోనే పోస్తాను. తియ్యకపోతే మాత్రం అమ్మ తిడుతున్నట్టుంటుంది."

"అంటే మీ ఊళ్ళో ఇప్పటికీ…"

"పిల్లలు తినొద్దూ?"

పిల్లలంటే అక్కడి సైన్యం మీద తిరగబడి అడవిలో ఉన్న కుర్రాళ్ళు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో! యాభై ఏళ్ళు, ఒక నది, ఒక దేశం దాటి అదే పిడికెడు.

అక్టోబర్ 11, మంగళవారం

(ఈ తేదీకి నాలుగు పేజీలు రాశాను. చింపి పొయ్యిలో పెట్టాను. రెండో పిడికెడు వాళ్ళ ఊరు దాటి ఎలా పోతుందో అక్క చెప్పినదంతా వాటిలో ఉంది. ఇరవై ఒకటో తారీకున ఈ నాలుగు వాక్యాలు రాస్తున్నాను.)

అక్టోబర్ 13, గురువారం

పూర్తయింది. సర్‌కు ఇచ్చేశాను. ఆయన దిద్ది సోమవారం ఢిల్లీకి పంపుతారు.

మొదటి పేరా రాయడానికే రెండు రోజులు పట్టింది. అక్క చెప్పిన ఊరు కళ్ళకు కట్టాలి కదా! చదివినవాడికి తాను అక్కడే నిలబడ్డట్టు ఉండాలి. అది మాత్రం నేను ఇప్పటిదాకా రాసినవాటన్నిటిలోకీ మేలైనది.

ఊరిపేరు మార్చాను. అక్క పేరు లేనేలేదు. దీన్ని గోప్యత అంటారు. మంచి మాట.

రాసుకోనా అని అక్కను అడిగినప్పుడు నవ్వింది. నవ్విందంటే సరేనన్నట్టే.

అక్టోబర్ 15, శనివారం

సర్ ఫోన్ చేశారు. ఈసారి "నీదే" అన్నారు!

సదస్సు పెద్దల్లో ఒకాయన ఉన్నారట, కల్నల్ భండారీ. రిటైరై చాలా కాలమైంది. పడుచుతనంలో ఈ కొండల్లోనే పనిచేశారు. పిడికెడు బియ్యం సంగతి సర్ ఆయనకు రెండు ముక్కల్లో చెప్పారట. వ్యాసం ఇంకా పంపలేదు. ఆయన పొంగిపోయి, "ఇలాంటి వివరం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ ముసలమ్మను నేనే వచ్చి చూస్తాను" అన్నారట.

అమ్మమ్మకు చెప్పాను. "కల్నలా? గేటు దగ్గర ఆగమని నన్ను 'ఠహరో' అని అరిచినవాళ్ళెవరూ కల్నళ్ళు కారు. ఎదిగాడన్నమాట," అని పెట్టె తీసి, పండగలకు నడుముకు చుట్టుకునే మంచి పువాన్ బట్ట ఎండలో వేసింది.

అక్టోబర్ 16, ఆదివారం

మధ్యాహ్నం టీ పెట్టుకుని, వ్యాసం ఇద్దరికీ చదివి వినిపించాను. నిలబడి, గొంతు సవరించుకుని మరీ. అమ్మమ్మ మధ్యలో "నా పేరెప్పుడొస్తుంది?" అని రెండుసార్లు అడిగింది.

మొదటి పేరా చదివేటప్పుడు అక్క బిడ్డను ఊపుతోంది. పేరా అయ్యేసరికి ఊపడం ఆగింది. చివరిదాకా చదివి తలెత్తాను.

"ఎలా ఉందక్కా?"

"మా ఇంటికి దారి చక్కగా చెప్పావు."

అంతే. బిడ్డను ఎత్తుకుని వెనకగదిలోకి వెళ్ళిపోయింది. టీ అలాగే ఉండిపోయింది.

అక్టోబర్ 17, సోమవారం

ఆమె సరిగ్గా అర్థం చేసుకోలేదు. నేను ఊరిపేరు మార్చాను.

అయినా సర్‌కు ఫోన్ చేసి, ఒకటి రెండు అక్షరదోషాలున్నాయి, ఇంకో రెండు రోజులు ఆగి పంపండి అన్నాను.

అక్టోబర్ 18, మంగళవారం

ఊరిపేరు మార్చాను కదా!

పొద్దున ఫోన్లో ఉపగ్రహ పటం తెరిచాను, నా గోప్యత ఎంత గట్టిదో నాకు నేనే చూపించుకోవాలని. నా పేరా పక్కన పెట్టుకున్నాను. నది ఎటు వంగిందో రాశాను. కొండ ఏ ఆకారంలో ఉందో రాశాను. చర్చి కప్పు ఏ రంగో రాశాను. ఆ రంగు కోసం ఎంత మంచి పోలిక వెతికానో!

టీ చల్లారకముందే దొరికింది. చర్చి, దాని పక్కన దారి, దారి చివర ఇళ్ళు. వాటిలో ఒకదాని వెనక పందిదొడ్డి కూడా ఉండి ఉంటుంది. పై నుంచి అది కనబడదు.

నాకు దొరికింది. నేను చరిత్ర చదివే అమ్మాయిని. పైన డ్రోన్లు ఎగరేసేవాళ్ళకు ఎంతసేపు పడుతుంది?

అక్టోబర్ 19, బుధవారం

సర్ దగ్గరికి వెళ్ళాను.

"మొదటి పేరా తీసేస్తే సరిపోతుంది కదమ్మా," అన్నారు. "ఊరు ఏదో తెలియకూడదు, అంతే. పద్ధతి ఉంచు. వ్యాసానికి ప్రాణం అదే."

నిజమే. ఇంత చిన్న పనికి రెండు రోజులు నిద్ర పాడుచేసుకున్నాను. ఇంటికొచ్చి పేరా కొట్టేశాను. చెయ్యి కాస్త నొచ్చింది. అయినా కొట్టేశాను.

అంతా సర్దుకుంది.

అక్టోబర్ 20, గురువారం

సర్దుకోలేదు.

అక్క మూడు పూటలా మాతోనే తింటోంది, గిన్నెలు తోముతోంది, అమ్మమ్మ కాళ్ళు పిసుకుతోంది. నాతో మాత్రం మాట్లాడటంలేదు. నేను వంటింట్లోకి వెళ్తే బియ్యం డబ్బా మూత పెట్టేస్తోంది.

పొద్దున దొడ్లో బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి చెప్పాను. "అక్కా, ఆ పేరా కొట్టేశాను. మీ ఊరు ఇక ఎవరికీ తెలియదు. పద్ధతి ఒక్కటే ఉంచాను."

బట్ట పిండుతూనే అంది. "మా అమ్మ ఒక్కతే చేస్తోందనుకున్నావా?"

"కాదు…"

"మా కొండమీద ఉన్న ప్రతి ఊళ్ళోనూ అలాగే పోతుంది. నీ కాగితం చదివినవాడు మా ఊరు వెతకక్కర్లేదు చెల్లీ. ఏ ఊరికి పోయినా ఎక్కడ చూడాలో, ఎవర్ని ఆపాలో తెలుస్తుంది."

"ఇది చదివేది పండితులక్కా. ఢిల్లీలో."

"పండితులు చదివి ఏం చేస్తారు?"

"అర్థం చేసుకుంటారు."

"అర్థమయ్యాక?"

అది కూడా ఇంకొక మంచి వాక్యమే అని తోచింది. అలా తోచినందుకు సిగ్గేసింది. బట్టలు రెండో పక్క నుంచి పట్టుకున్నాను. వద్దనలేదు.

గ్రూపింగ్ అప్పుడు వెదురు గొట్టం సంగతి ఎవరైనా ఇలాగే మంచి తెలుపు కాగితం మీద రాసి ఉంటే? మా పెద్దమామ బతికేవాడా? అమ్మమ్మ ఉండేదా? యుద్ధం నేర్పే పాఠాలు అంటున్నాను. పాఠం బలవంతుడూ బలహీనుడూ ఇద్దరూ చదువుతారు. పొయ్యి దగ్గర ఉన్నావిడ పాఠం అక్కర్లేకుండానే బతుకుతోంది. కాబట్టి నా పాఠం ఎవరికి పనికొస్తుందో తెలిసిపోతూనే ఉంది.

అక్టోబర్ 21, శుక్రవారం

వ్యాసం వెనక్కి తీసుకున్నాను.

సర్ బల్ల సొరుగు తీసి కాగితాలు వెతికారు. తరువాత, "ఇలాంటి అవకాశం మన కాలేజీకి మళ్ళీ ఎప్పుడొస్తుందో," అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. కాగితాలు నా చేతికిస్తూ, "కల్నల్ గారు మంగళవారం వస్తున్నారు. టికెట్టు కొనేశారు. ఆయన్ని రావద్దనలేను," అన్నారు.

ఇంటికొచ్చి వ్యాసం, డైరీలో ఆ నాలుగు పేజీలు, అన్నీ పొయ్యిలో పెట్టాను. ఆ మొదటి పేరా మాత్రం కాలేముందు ఇంకొకసారి చదివాను. నిజంగా బాగుంది.

అక్టోబర్ 23, ఆదివారం

అమ్మమ్మ అలిగింది.

"దానిది ఇప్పటి సంగతి, ప్రమాదం. సరే. నాది ఎప్పటిదో! గొట్టాలు పుచ్చిపోయాయి, గేటు పీకేశారు, మోసినవాళ్ళు సమాధుల్లో ఉన్నారు. నేను నోరు మూసుకోవడమెందుకు?"

"నువ్వు రెండో పిడికెడు అనగానే ఆయన, అవతల ఇప్పుడు కూడా తీస్తారా అని అడుగుతాడు అమ్మమ్మా. అక్క ఇక్కడే ఉంటుంది."

"అడిగితే తెలియదంటాను."

"నీకు తెలియదని నీ మొహం చెప్పదు."

"నా మొహం గేటు దాటి నీళ్ళకు పోయిన మొహమే!" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ గోడతోనే మళ్ళీ అంది. "ఇన్నేళ్ళకు ఒక్కడు అడగడానికి వస్తున్నాడు. ఒక్కడు."



అక్టోబర్ 25, మంగళవారం

వచ్చి వెళ్ళారు. వరసగా రాసుకోవాలి.

కల్నల్ భండారీ అమ్మమ్మ కంటే రెండు మూడేళ్ళే చిన్నవారేమో. చేతికర్ర. మెట్లు ఎక్కి ఆయాసపడుతూ, బూట్లు బయట విప్పి, వంగి నమస్కారం పెట్టారు. అమ్మమ్మ మంచి పువాన్ కట్టుకుని, జుట్టు దువ్వుకుని, పొద్దున్నుంచి సిద్ధంగా ఉంది. ఆ ముస్తాబు చూస్తే అర్థమైపోయింది. చెప్పేస్తుంది. చెప్పకుండా ఎలా ఉంటుంది?

ఆయన హిందీలో అడుగుతుంటే సర్ మా భాషలో చెబుతున్నారు.

"గ్రూపింగ్ రోజులు గుర్తున్నాయా అమ్మా?"

"ఏమిటీ?"

"గ్రూపింగ్!" సర్ అరిచారు.

"ఆ, ఆ. చలి ఎక్కువ."

నేను తలెత్తి చూశాను. చీమ పాకిన చప్పుడు కూడా వినే మనిషి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వండేటప్పుడు బియ్యం వెనక్కి తీసేవారట కదా?"

"చర్చికి. ఇప్పటికీ తీస్తాం. దేవుడి సొమ్ము."

"వాలంటీర్లకు?"

"వాళ్ళేం తిన్నారో వాళ్ళనే అడగాలి బాబూ. నేను ముసలిదాన్ని. నిన్న ఏం తిన్నానో ఈ పిల్ల చెప్పాలి."

సర్ నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను. పార్ తియాల్ అక్క టీ తెచ్చింది. కల్నల్ గారు కప్పు అందుకుని, "ఈమెది ఏ ఊరు?" అన్నారు.

"మా చెల్లెలి మనవరాలు," అంది అమ్మమ్మ, సర్ అడగకముందే. ఆ హిందీ ముక్క ఎలా వినబడిందో! "మాటలు తక్కువ."

ఆయన కాసేపు టీ తాగారు. తరువాత ప్రశ్నలాగా కాకుండా, ఊరికే చెప్పుకుంటున్నట్టు చెప్పారు. అప్పుడే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి గేటు దగ్గరే కాపలా పని చూసేవారట. పొద్దున ఆడవాళ్ళు నీళ్ళకు వెళ్తుంటే, ఒకామె బుట్టలో గొట్టం ఒరిగి పడబోయింది. తను పట్టుకుని నిలబెట్టారు. ఖాళీ గొట్టానికి ఉండాల్సిన బరువు కాదది.

"తెరిపించలేదు. పొమ్మన్నాను. ఆ తరువాత కొన్నాళ్ళకు మా వాళ్ళిద్దరు అడవిలో తూటాలకు పోయారు. ఆ గొట్టంలో ఏముందో ఇన్నేళ్ళూ ఆలోచిస్తూనే ఉన్నాను. బియ్యమైతే, అది తిని వచ్చినవాళ్ళే కాల్చి ఉండొచ్చు. లేదా అందులో ఏమీ లేకపోయి ఉండొచ్చు. నాకు పాఠాలు, పుస్తకాలు అక్కర్లేదమ్మా. అది ఒక్కటి తెలిస్తే చాలు."

సర్ మాట తడబడుతూ చెప్పారు. అమ్మమ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. చెవి దగ్గర చెయ్యి ఎప్పుడు దించిందో నేను గమనించలేదు.

"నీళ్ళ గొట్టంలో నీళ్ళే ఉంటాయి బాబూ."

"పోయేటప్పుడు?"

"పోయేటప్పుడు ఖాళీ."

ఆయన తల ఊపారు. నమ్మలేదు. నమ్మనట్టు కనబడనివ్వలేదు. లేచి మళ్ళీ వంగి నమస్కారం పెట్టి, కర్ర తడుముకుంటూ మెట్లు దిగారు.

వాళ్ళ జీపు మలుపు తిరిగాక అమ్మమ్మ పువాన్ విప్పి మడత పెట్టింది.

"ఒకడుండేవాడు," అంది. "సన్నగా, మీసం ఇంకా సరిగ్గా రాని కుర్రాడు. గొట్టం పట్టుకుని, నా మొహం చూసి వదిలేశాడు. వీడే కావచ్చు. కాకపోవచ్చు. అందరూ ఒకలాగే ఉండేవారు." మడత విప్పి మళ్ళీ పెట్టింది. "చెప్పి ఉంటే ముసలాడు ఎటో ఒక వైపుకు తేలేవాడు."

"చెప్పకపోతివి కదా."

"చెప్పకపోతిని."

లైబ్రరీలో పుస్తకాలన్నిటిలోనూ ఒక వాక్యం ఉంటుంది: "ఈ విషయం గురించి స్థానిక వృద్ధులకు పెద్దగా జ్ఞాపకం లేదు." ఇన్నాళ్ళూ ఆ వాక్యం మీదుగా జారిపోయేదాన్ని.

సాయంత్రం వంటింట్లోకి వెళ్ళాను. అక్క బియ్యం డబ్బా మూత పెట్టలేదు. బిడ్డను ఒళ్ళో వేసుకుని పాలిస్తూ, నా వైపు చూడకుండానే, "ఇవాళ నువ్వు కొలువు చెల్లీ," అంది.

కొలిచాను. కుండలో పోశాను. అక్క చూస్తుండగా చెయ్యి పెట్టి వెనక్కి తీశాను. ఎన్ని పిడికిళ్ళు తీశానో ఇక్కడ రాయను.